అబూ నస్స్

"ఆ పెట్టెలోంచి నీళ్లు బయటికి తీయి బిడ్డా."

గుమ్మంలో మళ్లీ ఆ ముసలాయనే. సుహాద్‌కు ఒళ్లు మండింది.

చిబాయిష్ ఊళ్లోని చిత్తడి నేలల పరిశోధన కేంద్రానికి దాదాపు రోజూ వస్తాడు. ఎప్పుడూ ఒకటే పాట. చిత్తడిలో నీళ్లు నిండుగా ఉన్నప్పటి కొలతలన్నీ 'మీజాన్' అనే పాత సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి. వాటిని ఏ కంప్యూటరైనా చదవగలిగే సాదా అక్షరాల ఫైళ్లలోకి మార్చమంటాడు.

అరబ్బీలో 'అబూ' అంటే నాన్న, 'నస్స్' అంటే వట్టి రాత. అందుకే ఆఫీసువాళ్లు ఆయనకు అబూ నస్స్ అని పేరు పెట్టారు. మన చెవికి నస అని వినపడినా తప్పేం లేదు.

"మీజాన్ రంగురంగుల పటాలు గీస్తుంది హజ్జీ. నీ సాదా ఫైల్లో ఏముంటాయి, అంకెలూ కామాలూ తప్ప?"

"అది అందమైన తాళం బిడ్డా. చేసినవాడు పోతే?"

"ఇంకొకడు చేస్తాడు."

"ఒక్క పూట నన్ను కూర్చోనివ్వు. అన్నీ నేనే మారుస్తాను."

"దారినపోయేవాళ్లను కూర్చోబెడితే డైరెక్టరు నన్ను లేవగొడతాడు. వెళ్లి చాయ్ తాగు."

ఆయన దగ్గుకుంటూ మెట్లు దిగాడు. మళ్లీ రాలేదు.

నస వదిలిందనుకుంది సుహాద్. అయినా మెట్ల మీద దగ్గు వినపడినట్టయి, ఉలిక్కిపడి చూసేది. ఎవరూ ఉండేవారు కాదు.

ఎండాకాలంలో కొత్త కంప్యూటర్లు వచ్చాయి. మీజాన్‌ను కొలతలతో సహా వాటిలోకి ఎక్కించారు. పాతవి తుక్కు కింద పోయాయి.

అంతలో బాగ్దాద్‌లో నీటి వాటాల విచారణ. "అక్కడ నీళ్లెప్పుడున్నాయి?" అని ఎగువవాళ్ల వాదన. కొలతలు చూపించకపోతే చిబాయిష్‌కు చుక్క రాదు.

సుహాద్ మీజాన్ తెరిచింది.

'ఇది కొత్త యంత్రం. తాళం సంఖ్య కోసం తయారుచేసిన వారిని అడగండి: షాకిర్ మాహూద్, చిబాయిష్.'

ఈ ఊరివాడే. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. వాకబు చేసుకుంటూ బయల్దేరింది.

ఎండిన కాలువ పక్క సందులో గోడ మీద చావు కబురు చెప్పే నల్లగుడ్డ వేలాడుతోంది. దాని మీద తెల్లని అక్షరాల్లో అదే పేరు.

గడ్డం మీద పచ్చబొట్టున్న ముసలామె తలుపు తీసింది.

"చిత్తడి కేంద్రం నుంచి వచ్చాను. షాకిర్ గారు..."

"మా తమ్ముడు. ఊపిరితిత్తులు చెడి పోయాడు."

"ఆయన చేసిన తాళం తీయాలి ఖాలా. ఎలాగో ఎవరికైనా చెప్పారా?"

"నాకేం తెలుసమ్మా? అది తీసి పోవాలనే, ఊపిరాడకపోయినా రోజూ మీ ఆఫీసు మెట్లెక్కేవాడు."

సుహాద్ నల్లగుడ్డ మీది పేరు మళ్లీ చదివింది.

"తనెవరో చెప్పొచ్చు కదా ఖాలా?"

"'ఊరి నీళ్లకు తాళం వేసింది నేనేనని ఏ మొహంతో చెప్పనక్కా' అనేవాడు, మీరు పెట్టిన పేరు చెప్పుకుని మాత్రం నవ్వేవాడు, అబూ నస్స్ అని."