పానకాలరావు సొంత మిక్సీ

ఇప్పుడు గుంటూరులో ఏ ఇంటి మిక్సీ అయినా ముందు ఇంట్లోవాళ్ల బీపీ చూసుకుని, ఆ తర్వాతే తిరుగుతుంది. భ్రమరాంబ గోంగూర పచ్చడికి గుప్పెడు ఎండుమిరపకాయలు వేయగానే, "మీవారి ఆరోగ్యం దృష్ట్యా రెండు చాలు" అని మిక్సీ ఆగిపోయింది.

ఆ మాటకు ఆమె భర్త పానకాలరావుకు రోషం పొడుచుకొచ్చింది. బజారులో కొన్న ప్రతి ముక్కలోనూ ఆ పాడుబుద్ధి దూరి ఉంటుందని, సొంత మిక్సీ తయారీ మట్టి నుంచే మొదలుపెట్టాడు. ఇనుపరాయి తెచ్చి పెరట్లో కొలిమి పెట్టాడు. రాగి కరిగించి తీగ లాగాడు. తీగకు పూసే లక్క ఉడికిస్తూ ఆమె పుట్టింటి ఇత్తడి గిన్నె మాడ్చాడు. బ్లేడు సానబడుతూ వేలు కోసుకుని, ఆ కట్టును యుద్ధంలో గెలిచొచ్చినవాడిలా వీధంతా చూపించుకు తిరిగాడు.

"మిక్సీ సంగతేమో గానీ, ఇంట్లో గిన్నెలు మాత్రం అయిపోవస్తున్నాయండీ" అంది భ్రమరాంబ.

ఏడాదికి మిక్సీ తయారైంది. చూడ్డానికి రోడ్డురోలరు పిల్లలా ఉంది. మీట నొక్కితే ఇరుగుపొరుగు ఉలిక్కిపడ్డారు గానీ, నిజంగానే తిరిగింది. ఎవరి బీపీనీ అడగలేదు. ఎంత వెటకారమాడినా భ్రమరాంబకు లోలోపల సంబరమే అనిపించింది. మీట ఆపి, గుప్పెడు మిరపకాయలు అందుకుంది.

పానకాలరావు చటుక్కున మిక్సీ జార్ మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"అన్నెందుకే? రెండు చాలు. బ్లేడు అరిగిపోద్ది!"

భ్రమరాంబ మిరపకాయలన్నీ ఆ చేతిలోనే పోసింది.

"ఆ పాతదే నయమండీ. ప్లగ్గు పీకితే నోరు మూసుకునేది."