వేరే కంపెనీ చక్రం

ట్రాక్టరు ఒక కంపెనీది, ఎనక చక్రం ఇంకో కంపెనీది. బోల్టులు సరిపోయినయి గానీ నడుమ హబ్బు కాడ బిగుసుకున్నది. లక్ష్మీకాంత్ సుత్తెతో గట్టిగ ఒక్కటేసిండు. జాకీ జారింది. చిన్న ట్రాక్టరు ఒరిగి, ఆ ఎనక చక్రమే వచ్చి అతని కాలు మీద కూసున్నది.

కాటారం నుంచి మెకానిక్‌ను పిలిస్తే అయిపోయేది. పిలువలేదు.

అరుపు విని పక్క చెలకల నుంచి తండా ధన్‌సింగ్ ఉరికొచ్చిండు. నడుము వంచి లేపబోయిండు. బండి కదలలేదు.

"నీ ట్రాక్టర్ తేరా! తాడేసి గుంజు, జల్ది!" లక్ష్మీకాంత్ మొత్తుకున్నడు.

"నా బండి రాళ్ల మీద ఉన్నది పటేలా. రాత్రి ఎవడో ఎనక చక్రాలు ఇప్పుకపోయిండు. దసరాకు మా ఆమె పసుపు బొట్లు పెట్టిన చక్రాలు. పొద్దటి సంది తండా మొత్తం గవే ఎతుకుతున్నం."

ధన్‌సింగ్ లేచి వాగు దిక్కు చూసిండు.

"అందరు గక్కడనే ఉన్నరు. పదిమంది పడితే లేస్తది. జర ఓర్చుకో, పిలుస్త."

లక్ష్మీకాంత్ కాలు మీది రిమ్మును అరచేత్తో కప్పిండు. వేళ్ల సందుల్లకెల్లి పసుపు కనపడుతనే ఉన్నది.

"వద్దు ధన్‌సింగన్నా," అన్నడు. "ఎవ్వరినీ పిలువకు."