చెవి బొమ్మ

ప్రిన్సీ చెవి బొమ్మ ఉన్న కార్డు తెచ్చి తల్లి సెలీన్ చేతిలో పెట్టింది. సెలీన్ దాన్ని పక్కన పెడితే, మళ్లీ తెచ్చి పెట్టింది.

ప్రిన్సీకి ఆరేళ్లు. ఆటిజం ఉన్న పిల్ల, మాటలు రాలేదు. కోలారులోని ఈ చిన్న బడిలో చేరిన మూడు నెలల్లో, కావలసిన దాని బొమ్మ ఏరి ఇవ్వడం నేర్చుకుంది.

రెండేళ్ల కిందట పిల్లను చూపించడానికి వచ్చినప్పుడే ఈ బడి టీచర్ బొమ్మల కార్డులతో మొదలుపెడదామంది. సెలీన్ ఒప్పుకోలేదు. "బొమ్మలు అలవాటైతే ఇంగ నోరే తెరవదు మేడమ్. నా బిడ్డకు మాటలే రావాల" అంది. తమ ఊరు కేజీఎఫ్ నుంచి వారం వారం రైలెక్కించి బెంగుళూరులో స్పీచ్ థెరపీకి తిప్పింది. అక్కడ ప్రిన్సీ చెంప మీద, చెవి మీద కొట్టుకుంటూ ఏడ్చేది. మొండితనం అనుకుని సెలీన్ ఆ రెండు చేతులూ గట్టిగా పట్టుకుని కూర్చోబెట్టేది.

"చెవి నొస్తా ఉందేమో, ఒకసారి చూపించమ్మా" అంది టీచర్ ఇప్పుడు.

ఆ మధ్యాహ్నమే చెవి డాక్టర్ లైటు వేసి చూశాడు. కర్ణభేరికి చిల్లు పడి, లోపల చీము పట్టి ఉంది.

"ఇది నిన్నా మొన్నటిది కాదమ్మా, చానా కాలంగా ఉండాది. నొస్తా ఉందని పాప ఎప్పుడూ చెప్పలేదా?"

మాటలు రావు సార్ అనబోయి సెలీన్ ఆగిపోయింది.

"చెప్తానే ఉండింది సార్. నేనే చేతులు పట్టుకుని చెప్పనీలేదు."