చక్రం లేని మీటరు

మెట్ల కింద పక్కపక్కనే ఉన్న రెండు మీటర్లలో పై వాటాది విప్పబోతున్న లైన్‌మన్‌కి కింది వాటా బాబాయిగారు చెయ్యి అడ్డం పెట్టారు.

"వద్దమ్మాయ్, నా మాట విను" అన్నారు, పై వాటాలో బట్టలు కుట్టే అమ్మాయితో. "స్మార్ట్ మీటరంటే ఇంట్లో వేగులవాణ్ణి పెట్టుకోవడమే. నువ్వెప్పుడు లేచావో, ఎప్పుడు పడుకున్నావో అన్నీ ఆఫీసుకి మోసేస్తుంది. మన గుట్టు వాళ్లకెందుకు?"

"నా దగ్గర గుట్టేముంది బాబాయిగారూ?"

"ఎందుకు లేదు? నిన్న మధ్యాహ్నం నీ మీటరు చక్రం ఒకటే పరుగు. అది కుట్టుమిషను కాదు, ఇస్త్రీపెట్టె. ఆదివారం అసలు కదలనే లేదు, అంటే పుట్టింటికి వెళ్లావు. ఇవన్నీ మూడోకంటివాడికి తెలియడం నాకిష్టం లేదు."

అమ్మాయి నవ్వాపుకుంది. "ఈ కొత్తదానికి చక్రం ఉండదట బాబాయిగారూ. లెక్కంతా నా ఫోన్‌లోకే వస్తుందట."

బాబాయిగారి మొహం వాడిపోయింది. "అదిగో, అదే వద్దనేది! కళ్లెదుట తిరిగేదాన్ని వదులుకుంటారా ఎవరైనా? బిల్లు తగ్గాలంటే నన్ను చూసి నేర్చుకో. ఎంత చలైనా నాది చన్నీళ్ల స్నానమే."

"మరి రోజూ నేను పాలకోసం కిందికి దిగేసరికి మీ స్నానాలగదిలో నీళ్ల చప్పుడు, ఇక్కడ మీ చక్రం గిర్రున తిరగడం! ఏంటి బాబాయిగారూ అది?"

బాబాయిగారు తన మీటరు వంక ఒకసారి చూసుకున్నారు. అడ్డం పెట్టిన చెయ్యి మెల్లగా తీసేసి, లైన్‌మన్ చెవి దగ్గరకు వంగారు.

"బాబూ, అలాంటిదే ఇంకొకటుంటే నాకూ బిగించెయ్."