దొరికేదాక

అబిడ్స్‌లోని డైవింగ్ క్లబ్బులో నాగవల్లి జోడీలు కలుపుతోంది. సాయంత్రమే నాంపల్లిలో రైలు. జోడీ కుదరనివాళ్ళను సముద్రంలోకి దించరు. చివరికి శ్రీశైలం ఒక్కడే మిగిలాడు.

“నీళ్ళ కింద మీ జోడీ కనబడకపోతే ఎంతసేపు వెతుకుతారు?” అందరినీ అడిగినట్టే అతన్నీ అడిగింది.

“దొరికేదాక మేడం.”

“ఏంది కాకా, నీళ్ళల్లనే కాపురం పెడ్తవా?” వెనకనుంచి ఎవరో అనగానే అందరూ నవ్వారు.

నాగవల్లి నవ్వలేదు. “ఒక్క నిమిషం వెతికి పైకి రావాలి. లేకపోతే ఇద్దరూ పోతారు. ఆ మాట చెప్పండి, నేనే మీకు జోడీగా వస్తాను.”

శ్రీశైలం సంచి భుజానికెత్తుకున్నాడు.

“రూల్ నాకు ఎరుకే మేడం. పోయినేడాది ఒక్క నిమిషం ఎతికి పైకొచ్చిన. మా తమ్ముడు ఇంకా కిందనే ఉన్నడు.”