వేషంలో ఎవరు?

అద్దం మీద మళ్లీ అరచేతి ముద్ర.

నోసాకరేకి ఒళ్లు మండిపోయింది. పొద్దున్నే తన చేత్తో తుడిచిన అద్దం అది.

"మళ్లీ వచ్చాడా ఆ ముసలాయన?" అని కాపలాదారు మీద విరుచుకుపడ్డాడు.

"టిక్కెట్టు కొనుక్కునే వస్తున్నాడు సార్. ఏమని ఆపను?" అన్నాడు కాపలాదారు ఫ్రైడే.

అద్దం వెనక ఒకాకాగ్బే అనే ఆట వేషం. ఎరుపు, పసుపు, తెలుపు గుడ్డముక్కలు అతికి కుట్టిన ఒంటి తొడుగు, మొహానికి అల్లిక వల, కాళ్లకు గజ్జెలు. బెనిన్ నగరంలోని ఈ మ్యూజియానికి దాన్ని తెచ్చింది ఇక్కడ పనిచేసే నోసాకరేయే. ఎలుకలు కొట్టేస్తున్నాయని ఇవియోమా ఊరి పెద్దలు ఇచ్చారు.

వేషమైతే ఇచ్చారు. అది వేసుకుని ఆడిందెవరో మాత్రం చెప్పలేదు.

ఎన్నిసార్లు అడగలేదు! ఔచీ రోడ్డు గుంతల్లో నడుం విరగ్గొట్టుకుని వెళ్లాడు. మర్యాదకి నమిలే కోలా గింజలు పట్టుకెళ్లి పెద్దల ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"అందులో మనిషా? మనిషెవడయ్యా! అది అడవిలోంచి వస్తుంది, ఆడుతుంది, పోతుంది," అన్నాడు ఊరిపెద్ద ఇమోనిఖే, చేతిలో కల్లు కిందపెట్టకుండానే.

"మరి ఆ చెమట మరకలెవరివి తాతా?"

"అడవిలో ఉక్కపోయదేంటి?"

అందరూ పగలబడి నవ్వారు. నోసాకరేకి ఏడుపొక్కటే తక్కువ.

ఇక్కడ మ్యూజియం పెద్ద మేడమ్ ఒగియేవాది ఇంకో గోల.

"శనివారం ప్రదర్శన మొదలు. వచ్చినవాళ్లకి ఉత్త గుడ్డలు చూపిస్తావా? అందులో ఆడిన మనిషిని తెచ్చి వేదిక మీద కూర్చోబెట్టు. నీవల్ల కాదంటావా, వేషం గోదాములోకి, ఆ చోటు కంచుబొమ్మలకి," అనేసింది.

కంచుబొమ్మలు! ఈ మ్యూజియంలో అవి లేని గది ఎక్కడుంది? ఏడాదిపాటు తిరిగి తెచ్చిన వేషం వెళ్లి మళ్లీ ఎలుకల పాలవ్వాలా?

ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగిపోయి హాలంతా ఉడికిపోతోంది. బడిపిల్లలు చొక్కాలు విసురుకుంటూ తిరుగుతున్నారు. ముసలాయన మాత్రం కదల్లేదు. నలిగిన టోపీ, ప్లాస్టిక్ చెప్పులు. వేషానికి ఎదురుగా బెంచీ మీద కూర్చుని కోలా గింజ కొరికాడు. మిగిలిన సగం ముక్క వంగి అద్దం ముందు నేలమీద పెట్టాడు. అప్పుడే చీమలు బారులు తీరాయి.

"తాతా! ఇది మ్యూజియం. మీ ఇంటి పెరడు కాదు."

"చీమలూ తినాలిగా నాయనా."

"అద్దం మీద చెయ్యెందుకు పెడుతున్నారు?"

"చల్లగా ఉంటుందని."

"మీదేవూరు?"

"ఇవియోమా."

నోసాకరే కోపమంతా ఎగిరిపోయింది. వచ్చి పక్కనే కూర్చున్నాడు.

"అయితే మీకు తెలిసే ఉంటుంది తాతా. ఇందులో ఆడిందెవరు? పేరు చెప్పండి చాలు. మీ కాళ్లు పట్టుకుంటాను. చెప్పకపోతే శనివారం దీన్ని చీకటి గదిలో పడేస్తారు."

ముసలాయన వేషంకేసి చూశాడు. నోసాకరేకేసి చూశాడు. నోరు తెరిచాడు. మళ్లీ మూసుకున్నాడు.

"అందులో మనిషెవడు నాయనా," అన్నాడు చివరికి.

"మీ ఊరంతా ఒకటే పాట!"

"ఒక్కసారి దాన్ని బయటికి తీస్తావా? కాసేపు ఒళ్లో పెట్టుకుని ఇచ్చేస్తా."

"ఇంకా నయం, ఒంటికి తొడగమనలేదు! లే. లేస్తావా, లేవవా?"

తాత అన్న మర్యాద కూడా మరిచిపోయి రెక్క పట్టుకుని లేపాడు. గుమ్మందాకా నడిపించుకెళ్లాడు. మెట్ల మీద ముసలాయన చెప్పు జారిపోయింది. పిల్లలు కిసుక్కున నవ్వారు. ఫ్రైడే పరుగెత్తి ఆ చెప్పు తీసి కాలికి తొడిగాడు.

"ఇకమీదట ఈయన్ని లోపలికి రానిచ్చావో, నీ ఉద్యోగం ఊడుతుంది!" అని అరిచాడు నోసాకరే.

ముసలాయన తిట్టలేదు. శాపనార్థాలు పెట్టలేదు. మెట్లు దిగి మెల్లగా వెళ్లిపోయాడు.

మర్నాడు అద్దం శుభ్రంగా ఉంది. ఆ మర్నాడూ అంతే.

శనివారం వచ్చింది. వేషంలో ఆడిన మనిషి దొరకలేదు. మేడమ్ అన్నంత పనీ చేసింది. అతిథులు కంచుబొమ్మల పక్కన ఫొటోలు దిగి, జాలఫ్ అన్నం తిని, బాగుంది బాగుంది అనుకుంటూ వెళ్లిపోయారు. గోదాము తలుపుకి నోసాకరేయే తాళం వేశాడు. ఎవరి మీద కోపమో తెలియక తలుపునో తన్ను తన్నాడు.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున ఇమోనిఖే మ్యూజియానికి వచ్చాడు. ఈసారి మొహంలో నవ్వు లేదు.

"వేషాన్ని ఒక్కరోజు ఊరికి పంపించాలి అబ్బాయ్. మా మనిషొకడు పోయాడు. వాడి పేరున ఆడించాలి."

"ఎవరా మనిషి?"

"అందులో ఆడినవాడే."

నోసాకరే నెత్తి పట్టుకున్నాడు. "ఇప్పుడా చెప్పేది? కాళ్లావేళ్లా పడి అడిగానే! అప్పుడు అడవి కబుర్లు చెప్పారే!"

"మనిషి బతికుండగా పేరు బయటపెట్టడం మాలో లేదు. మేం చెప్పకూడదు, వాడూ చెప్పకూడదు. చెబితే ఆ వేషం ఇక ఆటకి పనికిరాదు. పూడ్చిపెట్టాకే చెప్పాలి. మొన్న పూడ్చాం, అందుకే ఇవాళ వచ్చాను."

"ఇప్పుడు చెప్పి ఏం లాభం తాతా?"

"లాభం సంగతి నాకు తెలీదు. అది వాడి ఆఖరి కోరిక," అన్నాడు ఇమోనిఖే. "పేరు ఒషియోకై. 'నన్ను పూడ్చగానే నా పేరు ముందు ఆ మ్యూజియం అబ్బాయికి చెప్పండి, బెంచీ మీంచి లేపి గెంటేస్తే గెంటేశాడు గానీ, పాపం, నా కోసం చాలా తిరిగాడు' అన్నాడు."