కొత్త పికప్‌లో చప్పుడు

"ఈ కప్పు పెట్టే గుంట ఒక్కటే గట్టిగా చేశారురా," అంటూ గార్లండ్, స్నేహితుడు డెల్మర్ కొన్న కొత్త పికప్‌కి కానుకగా తెచ్చిన విస్కీ సీసాను సీట్ల మధ్య గుంటలో కుక్కాడు. బండి లబ్బక్ ఊరికెళ్లే రోడ్డెక్కగానే డాష్‌బోర్డు మీద వేళ్లతో కొట్టి చూశాడు. "మిగతాదంతా డొల్ల. లోపల గలగలమంటోంది, విను."

"వదిలెయ్యరా," అన్నాడు డెల్మర్.

"పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ ట్రక్కులు తోలుతున్నా, నాకు చెప్పకు. క్లిప్పు ఊడుంటుంది!"

గార్లండ్ ముందున్న అర లాగాడు. నాణేల్లాంటి ఇత్తడి బిళ్ళలు ఒళ్లోకి రాలాయి. తాగుడు మానుకున్నవాళ్లకి వాళ్ల సభలో నెలకొకటి చొప్పున గుర్తుగా ఇచ్చే బిళ్ళలు.

"శనివారాలు మందుకి రావట్లేదని... పొగరెక్కిందనుకున్నాన్రా."

"చెబితే నవ్వుతావని."

గార్లండ్ గబగబా సీసా తీయబోయాడు. అది గుంటలో బిగుసుకుపోయింది. ఎంత లాగినా రాలేదు.